ద్రవ్యం, వర్ణం, చెమట: జాతర ముఖరచన నుంచి తెర ముఖరచన దాకా

1. ప్రస్తావన

హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్టలకు చేరువలో ఉన్న యూసుఫ్‌గూడకు ముఖానికి రంగు వేసే రెండు సంప్రదాయాలతో సంబంధం ఉంది. ఆషాఢమాసంలో నగరమంతా బోనాలు జరిగేటప్పుడు పోతరాజు ఒళ్ళంతా పసుపు పూసుకొని, నుదుట కుంకుమ దిద్దుకొని, నడుముకు వేపమండలు కట్టుకొని, కాళ్ళ గజ్జెలు మోగుతుండగా కొరడా ఝళిపిస్తూ ఊరేగింపుకు ముందు నడుస్తాడు. ఇది మొదటిది. రెండవది సినిమాకు చెందినది. పూర్తిగా హైదరాబాదులోనే చిత్రీకరణ జరుపుకొన్న తొలి తెలుగు చిత్రంగా పేర్కొనే ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) రూపొందిన సారథీ స్టూడియో ఇక్కడికి సమీపంలోనే ఉంది. యూసుఫ్‌గూడను ఆనుకొని ఉన్న కృష్ణానగర్ దశాబ్దాలుగా జూనియర్ ఆర్టిస్టులకు, మేకప్ పనివారికి, సినిమా కార్మికులకు నివాసంగా ఉంది.

2024 డిసెంబరు 2న ఈ రెండు సంప్రదాయాలు యూసుఫ్‌గూడలోనే ఒకచోట కలిశాయి. సుకుమార్ దర్శకత్వం వహించిన ‘పుష్ప 2: ది రూల్’ విడుదలకు ముందు జరిగిన సభకు అక్కడి పోలీసు మైదానం వేదిక అయింది. ఆ సభకు నిర్వాహకులు పెట్టిన పేరులోనే ‘జాతర’ అన్న మాట ఉంది. నీలిరంగు పులిమిన ముఖం, చీర, నిమ్మకాయల దండతో అల్లు అర్జున్ కనిపించిన ప్రచారచిత్రం 2023 ఏప్రిల్‌లోనే వెలువడింది. మాతంగి వేషంగా ప్రసిద్ధి పొందిన ఆ రూపానికి మూలం తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఒక ఊరి మొక్కుబడి వేషం సినిమా ముఖమై నగర మైదానానికి చేరిన క్రమంలో ముఖరచన స్వభావం ఏ విధంగా మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘సినిమా జాతరను చెడగొట్టింది’ అన్న తీర్పు గానీ, ‘సినిమా జాతరకు ప్రపంచఖ్యాతి తెచ్చింది’ అన్న ప్రశంస గానీ ఈ ప్రశ్నకు సమాధానం కావు. అవి రెండూ వేషాన్ని ఒక బొమ్మగానే చూస్తున్నాయి. జాతర ముఖరచనలో బొమ్మ కన్న ముందు గమనించవలసిన అంశాలు మూడున్నాయి: పూసుకొనే ద్రవ్యం, వేసుకొనే క్రమం, చెరిగిపోయే తీరు. ఈ మూడింటినీ పక్కన పెట్టి రంగును మాత్రమే చదివితే జాతర ముఖం అర్థం కాదన్నది ఇక్కడి ప్రతిపాదన.

2. పూర్వ పరిశోధనల్లో ముఖరచన స్థానం

తెలుగు జానపద విజ్ఞాన పరిశోధన పాటతో మొదలైంది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958), నాయని కృష్ణకుమారి ‘తెలుగు జానపద గేయగాథలు’ (1977) ఈ రంగానికి పునాదులు వేసిన గ్రంథాలు. వాటి పేర్లలోనే వాటి దృష్టి తెలుస్తుంది. సేకరించి అచ్చులో పెట్టగలిగిన మాటకు, పాటకు ఆ తరం ప్రాధాన్యం ఇచ్చింది. ఆనాడు అది అవసరం కూడా. ఆర్.వి.ఎస్. సుందరం ‘ఆంధ్రుల జానపద విజ్ఞానం’ (1983) వస్తుసంస్కృతిని, ఆచారాలను, ప్రదర్శన కళలను కూడా శాస్త్రపరిధిలోకి తెచ్చింది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ (1992) వేషధారుల సమాచారాన్ని విస్తారంగా పోగుచేసింది. తిరుపతి గంగ జాతర విషయంలో పేట శ్రీనివాసులురెడ్డి కృషి స్థానిక సమాచారానికి ముఖ్యమైన ఆధారం. జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ప్రచురించిన ఆంగ్లగ్రంథం ఈ జాతర వేషాలను స్త్రీత్వం అనే కోణం నుంచి వివరంగా చర్చించింది.

అయినా విశ్వవిద్యాలయ వ్యాసాల్లో వేషం సాధారణంగా ‘ఆహార్యం’ అన్న ఉపశీర్షిక కింద ఒక పేరాకు పరిమితమవుతున్నది. ‘ముఖానికి రంగు పూసుకుంటారు’ అన్న వాక్యంతో ఆ పేరా ముగుస్తున్నది. ఏ రంగు, దేనితో చేసినది, ఎవరు పూస్తారు, ఎప్పుడు కడిగేస్తారు అన్న ప్రశ్నలు రావడం లేదు. పాటలో ఒక పాఠాంతరాన్ని వదిలిపెట్టడానికి ఒప్పుకోని పరిశోధకుడు ముఖం మీది పాఠాంతరాన్ని గమనించకుండానే దాటిపోతున్నాడు.

3. నాట్యశాస్త్ర దృష్టి: వర్ణం

ఆహార్యాన్ని చర్చించే వ్యాసాలకు భరతుడే శరణ్యం. నాట్యశాస్త్రం ఆహార్యాన్ని పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగు విధాలుగా విభజించింది. అంగరచనకు తెలుపు, నీలం, పసుపు, ఎరుపు అనే నాలుగు మూలవర్ణాలను చెప్పింది. వాటి కలయికలతో ఉపవర్ణాలు ఏర్పడతాయి. ఎరుపు పసుపుల కలయిక గౌరవర్ణం. తెలుపు ఎరుపుల కలయిక పద్మవర్ణం. ఏ పాత్రకు ఏ వర్ణమో కూడా భరతుడు నిర్దేశించాడు: అంగారకుడికి ఎరుపు, నరనారాయణులకు శ్యామం.

ఇక్కడ రంగు ఒక సంకేతం. ఎరుపు ఎరుపుగా కనిపిస్తే చాలు. అది ఏ పదార్థం నుంచి వచ్చిందన్నది పాత్ర గుర్తింపుకు సంబంధించిన విషయం కాదు. నటుడు తన దేహవర్ణాన్ని మరుగుపరచి, పాత్ర వర్ణాన్ని ధరిస్తాడు. ప్రేక్షకుడు ఆ వర్ణాన్ని చూసి పాత్రను గుర్తిస్తాడు. చూసేవాడు లేనిదే ఈ వ్యవస్థ లేదు.

వీధిలో కనిపించే వేషాల్లోనూ ఈ వర్ణదృష్టి ఉంది. దసరాకు, పీర్ల పండుగకు కట్టే పులివేషంలో పసుపు రంగు మీద నల్లచారలు పులిని తలపించడానికే ఉన్నాయి. పగటివేషాల్లో ప్రసిద్ధమైన అర్ధనారీశ్వర వేషం దీనికి మరింత మంచి ఉదాహరణ. ఒకే ముఖాన్ని నిలువునా రెండుగా విభజించి, ఒక సగాన్ని శివుడిగా, మరో సగాన్ని పార్వతిగా దిద్దుతారు. వేషధారి చేతిలోని గుడ్డను అటూ ఇటూ మారుస్తూ ఒకసారి ఒక సగాన్నే చూపిస్తాడు. రంగు కొలత తప్పితే, ముక్కు మీద గీత పక్కకు జరిగితే ఆ భ్రమ నిలవదు. అర్దళం వంటి పదార్థాలు వేషధారుల పెట్టెల్లో ఉండేవి, కానీ వాటి ప్రయోజనం నునుపు, మెరుపు, వర్ణం. కాబట్టి వీధి ఒకవైపు, స్టూడియో ఒకవైపు అన్న సులువైన విభజన చెల్లదు. పగటివేషధారి, భరతుడి నటుడు, సినిమా మేకప్ కళాకారుడు ముగ్గురూ వర్ణం పక్షానే ఉన్నారు.

4. జాతర దృష్టి: ద్రవ్యం

గంగమ్మ జాతర వేషాలు ఈ పక్షంలో చేరవు. మే నెలలో చాటింపుతో మొదలయ్యే ఈ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు అనే వేషాలు రోజుకొకటిగా వస్తాయి. కైకాల వంశీయులు సంప్రదాయ వేషధారులు. వారితోపాటు మొక్కుకున్న భక్తులు, చిన్నపిల్లలతో సహా, ఆయా రోజుల్లో ఆయా వేషాలు వేసుకుంటారు. బైరాగి వేషానికి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం ప్రధానం. మాతంగి స్త్రీవేషం.

వీటిని తెలుపు, ఎరుపు, నలుపు అని అనువదించుకోవడం విమర్శకుడికి అలవాటు. ఆ అనువాదంలోనే నష్టం ఉంది. కుంకుమ ఎర్రగా ఉంటుంది నిజమే, కానీ బండ వేషానికి కావలసింది ఎరుపు కాదు, కుంకుమ. అది గుడిలో అమ్మవారి నుదుట ఉన్న పదార్థమే. నామం సుద్ద నుదుట నామంగా నిలవవలసిన పదార్థం. బైరాగి దానిని ఒళ్ళంతా పులుముకుంటాడు. బొగ్గు పొయ్యిలోది. చందనం పూజలోది, వేడి దించేది. పోతరాజు పసుపు సంగతీ ఇంతే: ఆ పసుపే గడపకు, బోనం కుండకు, అమ్మవారికి కూడా. దేవతకు పూసినదాన్నే తానూ పూసుకోవడం వల్ల వేషధారి దేవతను ‘చూపించడం’ లేదు. దేవతతో ఒకే ద్రవ్యంలో పాలుపంచుకుంటున్నాడు. చూసేవాడు ఉన్నా లేకపోయినా ఆ పాలుపంపకం జరిగిపోతుంది. మొక్కు చెల్లించడానికి పసిబిడ్డ ముఖానికి సుద్ద రాసే తల్లికి ప్రేక్షకులతో పనిలేదు.

జాతర ముగింపు ఈ ద్రవ్యదృష్టిని ఇంకా స్పష్టం చేస్తుంది. గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపాన్ని నిలుపుతారు. తెల్లవారుజామున ఆ మట్టి ముఖం చెంపను తొలగిస్తారు. ఆ మట్టిని భక్తులు ప్రసాదంగా ఇంటికి తీసుకుపోతారు. వారం రోజులు మనుషుల ముఖాల మీద జరిగిన రచన చివరకు దేవత ముఖం మీదా జరిగి, దానిలాగే చెదిరి, ద్రవ్యంగా పంచబడుతుంది. ముఖం మిగలదు, మట్టి మిగులుతుంది.

5. క్రమం: మాతంగి ఎప్పుడు వస్తుంది?

జాతర కథ అందరికీ తెలిసినదే. స్త్రీలను చెరపట్టే పాలెగాడు గంగమ్మ మీద కన్నువేసి, ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కుంటాడు. అతడిని బయటికి రప్పించడానికి ఆమె వేషాలు మారుస్తూ ఊరంతా వెతుకుతుంది. బైరాగిగా, బండగా, తోటిగా వెతికినా దొరకడు. దొర వచ్చాడనుకొని బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో హతుడవుతాడు. పరిశోధకులు నమోదు చేసిన కథనాల్లో మాతంగి ఆ తరువాత వస్తుంది. పాలెగాడి భార్యను ఓదార్చడానికి వస్తుంది.

ఈ క్రమాన్ని బట్టి ఒక్కొక్క ద్రవ్యానికి కథలో ఒక్కొక్క దశ ఉన్నట్లు గ్రహించవచ్చు. సుద్ద, కుంకుమ, బొగ్గు వెతుకులాటకు చెందినవి. చందనం వధకు చెందినది. సంహారపు రోజు పూసుకొనేది కుంకుమ కాక చందనం కావడం గమనార్హం. అంతకుముందు బండ వేషధారులు బూతులు మాట్లాడటానికి అనుమతి ఉంది. వాటిని ఎవరూ తప్పుపట్టరు. దొర దగ్గరికి వచ్చేసరికి ఆ అల్లరి అణగి హుందాతనం వస్తుంది. మాతంగి దగ్గర కోపం పూర్తిగా ఓదార్పు అవుతుంది. వేషాలను విడివిడి బొమ్మలుగా చూస్తే ఈ గమనం కనిపించదు. ఒక వేషం అర్థం దాని ముందురోజు వేషంలోనూ, మరునాటి వేషంలోనూ ఉంది.

‘పుష్ప 2’ ఈ కథ చట్రాన్ని వదిలిపెట్టలేదు. పుష్పరాజ్ ఆడబిడ్డ కావాలని అమ్మవారిని కోరుకుంటాడు. జాతరలో తన అన్న కూతురిని అవమానించినవారిని ఆ వేషంలోనే శిక్షిస్తాడు. పాలెగాడి కథలోని మూలసూత్రం, అంటే స్త్రీ మానానికి భంగం కలిగించినవాడికి జాతరలోనే శిక్ష అన్నది, చిత్రంలో చెక్కుచెదరలేదు. ఇంటిపేరు కోసం అవమానాలు పడ్డ నాయకుడు చీర కట్టి, తనను తాను తగ్గించుకొని ఆడపిల్లను కోరుకోవడంలో జాతర ఆత్మ కొంత ఉందని కూడా అంగీకరించాలి. ఈ అంశాలను పరిగణించని విమర్శ చిత్రానికి అన్యాయం చేసినట్లే.

మారినది క్రమం. ఏడు రోజుల గమనం ఒకే ముఖం మీద ఒకేసారి పేర్చబడింది. వెతుకులాట, ఉగ్రత, పూనకం, వధ అన్నీ మాతంగికే చెందాయి. ఓదార్చడానికి వచ్చిన వేషం దండించడానికి వచ్చిన వేషమైంది. జాతర కథలో పాలెగాడి భార్యకు ఉన్న చోటు చిత్రంలో ఖాళీ అయింది. శిక్ష తరువాత ఎవరి ఇంటికి వెళ్ళాలో, ఎవరి కన్నీరు తుడవాలో ఆ నీలి ముఖానికి తెలియదు. ఆ నీలం కూడా గమనించదగినది. జాతర ద్రవ్యాల్లో నీలానికి చోటు లేదు. అది అచ్చుయంత్రాల నుంచి ఇంటి గోడల మీదికి వచ్చిన దేవతాపటాల సంప్రదాయానికి దగ్గరగా ఉంది. చూడగానే దైవత్వాన్ని గుర్తుచేసే వర్ణం. ద్రవ్యం వదిలిన చోటును వర్ణం ఆక్రమించడం అంటే ఇదే.

6. చెమట

ద్రవ్యానికీ వర్ణానికీ ఉన్న తేడా చెమట దగ్గర బయటపడుతుంది. ఊరేగింపు సాగేకొద్దీ పోతరాజు పసుపు కరుగుతుంది, కుంకుమ కళ్ళలోకి జారుతుంది, భక్తులు చల్లే నీళ్ళతో చారలు కడుతుంది. ఎవరూ దానిని సరిచేయరు. ఆ చెదిరిన ముఖమే అతడు ఎంతదూరం ఆడివచ్చాడో, ఎంతసేపు పూనకంలో ఉన్నాడో చెబుతుంది. సాయంత్రపు ముఖం ఉదయపు ముఖం కన్న ఎక్కువ అర్థవంతం.

సినిమాలో చెమట దోషం. షాట్‌కూ షాట్‌కూ మధ్య టచప్ చేసే మనిషి ముఖాన్ని అద్ది మళ్ళీ మొదటిలా నిలపాలి. వారాల తరబడి సాగే చిత్రీకరణలో మొదటిరోజు ముఖమే చివరిరోజూ ఉండాలి; దానికే కంటిన్యుటీ అని పేరు. కృష్ణానగర్ గదుల నుంచి తెల్లవారకముందే స్టూడియోలకు బయలుదేరే పనివారి నైపుణ్యమంతా కాలం గడిచినట్లు కనిపించకుండా చేయడంలో ఉంది. ఇది తక్కువ విద్య కాదు. జాతర వేషం కాలాన్ని ముఖం మీద కనిపించనిస్తుంది. తెర వేషం కాలాన్ని ముఖం నుంచి తొలగిస్తుంది. రెండూ కష్టంతో కూడినవే, కానీ వాటి లక్ష్యాలు పరస్పర విరుద్ధాలు.

7. కార్నివాల్ సిద్ధాంతం, దాని పరిధి

ఊరేగింపు వేషాలను చర్చించే వ్యాసాలు తరచుగా బఖ్తిన్‌ను ఆశ్రయిస్తున్నాయి. రాబ్లే మీద 1965లో వెలువడిన గ్రంథంలో ఆయన కార్నివాల్‌లో నటులకూ ప్రేక్షకులకూ మధ్య గీత లేదన్నాడు. ముసుగును మార్పుకూ, రూపాంతరానికీ చిహ్నంగా చూశాడు. బండ వేషపు బూతులకు, మగవాళ్ళ చీరలకు ఈ సిద్ధాంతం బాగా వర్తిస్తుంది. కానీ అన్ని ఊరేగింపు ముఖాలూ ఒకటి కావు.

ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో కార్నివాల్ దాదాపు నలభై రోజులు సాగుతుంది. అక్కడి ముర్గా బృందాలు రంగురంగుల ముఖరచనతో, వ్యంగ్య గీతాలతో రాజకీయాలను ఎగతాళి చేస్తాయి. ముర్గా ముఖం ఆ ఏటి పాటకు తగినట్లు కొత్తగా రూపొందుతుంది. కొత్తదనమే దానికి ప్రాణం. బైరాగి ముఖం కిందటి ఏడు ఎలా ఉందో ఈ ఏడూ అలాగే ఉండాలి; పునరుక్తే దానికి ప్రాణం. ముర్గా కళాకారుడు ముఖాన్ని రూపకల్పన చేస్తాడు. జాతర భక్తుడు ముఖాన్ని చెల్లిస్తాడు. ‘చెల్లించడం’ అన్న తెలుగు మాటలో మొక్కు, అప్పు, కాలపరిమితి మూడూ ఉన్నాయి. కార్నివాల్ సిద్ధాంతంలో తిరుగుబాటుకు మాట ఉంది గానీ ఈ చెల్లింపుకు మాట లేదు. జాతరను కార్నివాల్ అని పిలిచే ముందు ఈ లోటును గుర్తించాలి.

ఈ దృష్టితో చూస్తే ‘పుష్ప 2’ వేషం జాతర కన్న కార్నివాల్‌కు దగ్గర. అది ఒక్క సందర్భానికి కొత్తగా రూపొందించిన ముఖం. చూపడానికి చేసిన ముఖం. అయితే బఖ్తిన్ చెరిపిన గీతను అది తిరిగి గీసింది. యూసుఫ్‌గూడ మైదానంలో ‘జాతర’కు వచ్చిన జనం వేషం వేయడానికి రాలేదు, వేషం వేసినవాడిని చూడటానికి వచ్చారు.

8. తిరుగు ప్రయాణం

చర్చ ఇక్కడ ముగిస్తే అది ఒక పతనగాథ అవుతుంది. కానీ ముఖరచన ప్రయాణం ఒకే దిశలో సాగదు. చిత్రం విడుదల తరువాత జరిగిన జాతరలో సినిమాను తలపించే మాతంగి వేషాలు కనిపించాయని పత్రికలు రాశాయి. తెర మీది రంగు వీధికి తిరిగి వచ్చింది. దీనిని అనుకరణ అని కొట్టిపారేయడం సులభం. అయితే ఆ రంగు వేసుకొన్న భక్తుడు గుడి దాకా నడిచాడా, మొక్కు చెల్లించాడా, ఆ రోజు వేషాన్ని ఆ రోజే వేశాడా, సాయంత్రానికి కడిగేశాడా అన్నవి పరిశోధకుడు అడగవలసిన ప్రశ్నలు. ద్రవ్యం మారినా క్రమమూ చెరగడమూ నిలిచి ఉంటే, స్టూడియో రంగు సైతం మొక్కులో భాగం కావచ్చు. బోనాల్లో నేడు కొందరు పోతరాజులు పసుపుతోపాటు కొన్న రంగులను, మెరుపులను వాడుతున్నారు. వారి విషయంలోనూ ఈ ప్రశ్నలే వర్తిస్తాయి. వేషం ధరించిన ఫోటో కోసమే వేషం వేస్తే, రంగు ఎంత సంప్రదాయసిద్ధమైనా అది వర్ణంగానే మిగులుతుంది.

9. ముగింపు

పై చర్చ వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, జాతర ముఖరచనను వర్ణసంకేతంగా చదివే నాట్యశాస్త్ర పద్ధతి పగటివేషానికీ తెరకూ సరిపోయినంతగా మొక్కుబడి వేషానికి సరిపోదు. రెండు, వేషం అర్థం ఒక ముఖంలో కాక వేషాల వరుసలో ఉంది. ‘పుష్ప 2’ కథను నిలుపుకొని వరుసను వదిలింది, అందువల్ల ఓదార్చే మాతంగి దండించే మాతంగి అయింది. మూడు, ముఖం ఎలా చెరిగిందో నమోదు చేయని వర్ణన అసంపూర్ణం.

క్షేత్రపర్యటనకు వెళ్ళే పరిశోధకులు వేషం పూర్తయిన క్షణాన ఫోటో తీసి, పాట రికార్డు చేసి తిరిగి వస్తున్నారు. రంగు కలిపేచోట కూర్చోవడం, ఎవరి చేయి ఎవరి ముఖాన్ని తాకుతున్నదో చూడటం, సాయంత్రం బావి దగ్గరో కుళాయి దగ్గరో ముఖం కడిగేదాకా ఉండటం కూడా పరిశోధనలో భాగం కావాలి. పాటకు పాఠాంతరాలు సేకరించినంత శ్రద్ధగా సుద్దకు, కుంకుమకు, బొగ్గుకు పాఠాంతరాలు సేకరించినప్పుడే జాతర ముఖానికి తెలుగు విమర్శలో తగిన చోటు లభిస్తుంది.